కణుపు కణుపుగా చదువుదాం



పరీక్ష పేపరులో పెద్ద గద్యభాగం కనిపించగానే మనలో చాలామంది పేజీ తిప్పేస్తారు. ‘చివర్లో చూద్దాంలే’ అనుకుంటారు. ఇంతలో గంట కొడతారు. నిజానికి ఆ ప్రశ్నలకు కావలసిన సమాచారమంతా అక్కడే అచ్చయి ఉంటుంది. బట్టీ పట్టే పని లేదు. చదివే పద్ధతి తెలిస్తే చాలు.

బోధన్ వైపు పిల్లలకు చెరుకు తినడం ఎవరూ నేర్పనక్కరలేదు. గడ మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోం కదా! కణుపు దగ్గర విరిచి, ఒక్కో ముక్క నమిలి రసం తీసుకుంటాం. పెద్ద పాఠాన్నీ అలాగే పేరా పేరాగా చదవాలి. ఉదాహరణకు ఇది చూడండి:

“మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువల నీళ్లు రావడంతో బోధన్ ప్రాంతంలో చెరుకు సాగు పెరిగింది.

1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఎందరో రైతులకు, కార్మికులకు అది ఆధారమైంది.

2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లింది. తరువాత కూడా చెరుకు ఆడించారు. అయితే 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించడంతో కార్మికులకు పని లేకుండా పోయింది.”

1. ముందు ప్రశ్నలు చదవండి. దేనికోసం వెతకాలో తెలుస్తుంది.

2. ప్రతి పేరా పక్కన పెన్సిలుతో రెండు మాటలు రాయండి: ‘నీళ్లు–చెరుకు’, ‘ఫ్యాక్టరీ–ఉపాధి’, ‘పని ఆగింది’. పాఠమంతా ఈ మూడు ముక్కల్లో ఉంది.

3. తెలియని మాట దగ్గర ఆగిపోవద్దు. ‘లేఆఫ్’ తెలియకపోయినా, ఆ వెంటనే ‘పని లేకుండా పోయింది’ అని ఉంది. ముందువెనుక మాటలే అర్థం చెబుతాయి.

4. ‘అయితే’, ‘కాబట్టి’, ‘అయినా’ వంటి మాటల కింద గీత గీయండి. విషయం మలుపు తిరిగేది అక్కడే. ఇంగ్లీషులో ‘బట్’, ‘దేర్‌ఫోర్’, ‘హౌఎవర్’ ఇలాంటివే.

5. ప్రశ్న ఏ రకమో చూడండి. ‘ఫ్యాక్టరీ ఎప్పుడు ఏర్పడింది?’ అంటే ఒక్క వాక్యం చాలు. ‘ఫ్యాక్టరీకి బోధన్ ఎందుకు అనువైంది?’ అంటే జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ లేదు. మొదటి పేరాను రెండో పేరాతో కలపాలి: నీళ్లు వచ్చాయి, చెరుకు పెరిగింది, ఆ చెరుకు ఆడించడానికి ఫ్యాక్టరీ వచ్చింది. ‘ఫ్యాక్టరీ’ అనే మాట ఉన్న వాక్యాన్ని దించేస్తే మార్కులు రావు.

స్టడీ అవర్‌లో ఇద్దరిద్దరు కూర్చుని రోజుకో పేపరు వార్త తీసుకోండి. ఒకరు చదివి, పేపరు మూసి, మూడు వాక్యాల్లో చెప్పాలి. రెండోవారు ‘ఎందుకు?’ అని అడగాలి. నెల రోజులు చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఇది మార్కుల కోసమే కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. బ్యాంకు లోను పత్రం, భూమి కాగితం, ఆస్పత్రి రిపోర్టు, ఏది వచ్చినా నా చేతికే ఇస్తారు. రేపు మీ ఇంట్లోనూ అంతే. ‘సంతకం ఎక్కడ పెట్టాలి బిడ్డా?’ అని అమ్మ అడిగితే, ‘ఆగమ్మా, ముందు ఇందులో ఏముందో చెప్తా’ అనగలగాలి. ఆ రోజు కోసం ఇప్పటినుంచే చదవడం నేర్చుకుందాం.