నొప్పికి మిరప, సూది: పరీక్షకు పనికొచ్చే అంశాలు
గుంటూరు మిర్చి యార్డులో అమ్ముడయ్యే తేజ రకం కాయలను ఎక్కువగా కొనే దేశాల్లో చైనా ముందుంటుంది. ఆ కాయకు ఘాటునిచ్చే రసాయనం క్యాప్సైసిన్. ఇది నరాల చివర ఉండే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. అదే గ్రాహకం వేడికీ స్పందిస్తుంది కాబట్టి కారం తగిలితే మంట పుడుతుంది. పదేపదే తగిలితే ఆ నరం మొద్దుబారుతుంది. నొప్పి తగ్గించే పూతమందుల్లో, ప్యాచ్‌ల్లో క్యాప్సైసిన్ వాడేది అందుకే. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021 వైద్య నోబెల్‌ను ఆర్డెమ్ పటపౌటియన్‌తో పంచుకున్నారు.

చైనా సంప్రదాయ వైద్యం ఆధారంగా వచ్చిన నోబెల్ వేరు: 2015, తు యూయూ, మలేరియా మందు ఆర్టెమిసినిన్. ఈ రెండు సంవత్సరాలూ తారుమారు చేసుకోవద్దు.

చైనా సంప్రదాయ వైద్యంలోనే మరో పద్ధతి ఆక్యుపంక్చర్; ఇందులో మందు ఉండదు. నిర్ణీత బిందువుల్లో సన్నని సూదులు గుచ్చుతారు. కొన్ని నొప్పులకు ఉపశమనం కనిపించినా, దాని వెనకున్న ‘చీ’ శక్తి ప్రవాహ సిద్ధాంతానికి శాస్త్రీయ ఆధారం లేదు. 2010లో యునెస్కో ఆక్యుపంక్చర్‌ను అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మన దేశానికి ఆక్యుపంక్చర్‌ను తెచ్చిన ప్రముఖుడు కలకత్తా వైద్యుడు బి.కె. బసు. 1938లో చైనా వెళ్లిన అయిదుగురు భారతీయ వైద్యుల బృందంలో ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు ఆయన ఒకరు. తర్వాత మళ్లీ వెళ్లి ఈ విద్య నేర్చుకున్నారు.