రైతుబజారు నుంచి ఈ-నామ్ దాకా

పంట ధర ఎక్కడ, ఎలా తేలుతుందో అర్థమైతే ఈ పాఠంలో సగం వచ్చేసినట్లే. నియంత్రిత మార్కెట్లు కావాలని 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ సిఫారసు చేసింది. మన తెలుగు రాష్ట్రాల మార్కెట్ యార్డులకు ఆధారం 1966 నాటి మార్కెట్ల చట్టం. కాటా, బహిరంగ వేలం, మార్కెట్ రుసుము దాని పరిధిలోకే వస్తాయి. గుంటూరు మిర్చికి, నిజామాబాద్ పసుపుకు, వరంగల్ ఏనుమాముల పత్తికి పేరున్న యార్డులు.

అయితే గంప టమాటా పండించిన చిన్న రైతుకు యార్డు దూరమే. దళారి లేకుండా అతణ్ని నేరుగా కొనేవారి ముందు నిలబెట్టినవి రైతుబజార్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి 1999 జనవరి 26న మొదలయ్యాయి. రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు. ధరను టోకు కంటే ఎక్కువగా, చిల్లర కంటే తక్కువగా నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. ఇద్దరికీ మేలు చేసే ఈ లెక్కే వీటి ప్రాణం, బాగా గుర్తుంచుకోండి. పంజాబ్‌లో అప్నీ మండీ, తమిళనాడులో ఉళవర్ సందై ఇలాంటివే. జతపరిచే ప్రశ్నలకు పనికొస్తాయి.

ఇక ఈ-నామ్ అంటే జాతీయ వ్యవసాయ మార్కెట్. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైంది. అమలు సంస్థ చిన్న రైతుల వ్యవసాయ వ్యాపార కన్సార్టియం. యార్డులను ఆన్‌లైన్ వేలంతో కలుపుతుంది. సరుకు నాణ్యతను పరీక్షించి నమోదు చేస్తేనే దూరాన ఉన్న వ్యాపారి ధైర్యంగా ధర పెడతాడు.

నాణ్యత విషయంలో చాలామంది తడబడేది ఇక్కడ: అగ్‌మార్క్ వ్యవసాయోత్పత్తుల గ్రేడింగు గుర్తు, దాని చట్టం 1937 నాటిది; ఆహార భద్రతా ప్రమాణాల చట్టం వేరు, అది 2006 నాటిది.