అలెగ్జాండర్ టెక్నిక్: విదేశంలో టీచరు శిక్షణ



కూర్చోవడం, లేవడం, నడవడం, మాట్లాడడం వంటి రోజువారీ పనుల్లో మనిషి తెలియకుండానే ఒళ్లు బిగిస్తాడు. ఆ బిగింపును గుర్తించి మానుకోవడం నేర్పే విద్య అలెగ్జాండర్ టెక్నిక్. ఇది వ్యాయామం కాదు, మాలీషు కాదు, వైద్యమూ కాదు. దీని కోసం వచ్చేవారిని రోగి అనరు, విద్యార్థి అంటారు. వారికి జరిగేది చికిత్స కాదు, పాఠం. ఈ పాఠం చెప్పగల టీచరు తయారు కావడానికి సాధారణంగా మూడేళ్లు పడుతుంది. పేరున్న శిక్షణ బడులు ఎక్కువగా బ్రిటన్, యూరప్ దేశాలు, అమెరికా, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియాల్లో ఉన్నాయి. అందుకే ఈ దారి ఎంచుకున్నవారు దేశం దాటడం మామూలైంది.

ఈ విద్యకు ఆద్యుడు ఫ్రెడరిక్ మథయాస్ అలెగ్జాండర్. 1869లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టారు. షేక్స్‌పియర్ నాటక ఘట్టాలను వేదికపై వినిపించడం ఆయన వృత్తి. ప్రదర్శనల్లో గొంతు బొంగురుపోయేది. విశ్రాంతితో తగ్గినా, మళ్లీ వేదికెక్కితే మొదటికొచ్చేది. లోపం గొంతులో కాక, గొంతును వాడే తీరులో ఉండవచ్చని ఆయనకు తోచింది. అద్దాల ముందు నిలబడి తనను తాను గమనించుకున్నారు. వాక్యం ఎత్తుకోబోయే క్షణంలోనే తల వెనక్కి లాగడం, స్వరపేటికను కిందికి అదమడం, నోటితో చప్పుడుగా గాలి పీల్చడం కనిపించాయి. తలను సరిచేశాననుకున్నప్పుడు కూడా అది వెనక్కే పోతోందని అద్దం చూపించింది. తన ఒళ్లు ఏం చేస్తోందో చెప్పడంలో తన అనుభూతినే నమ్మలేనని ఆయన గ్రహించారు. ఈ విద్యకు పునాది అదే.

1904లో ఆయన లండన్ చేరారు. జార్జ్ బెర్నార్డ్ షా, ఆల్డస్ హక్స్‌లీ, అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ ఆయన దగ్గర పాఠాలు తీసుకున్నారు. 1931లో లండన్‌లోని ఆష్లీ ప్లేస్‌లో మొదటి టీచర్ల శిక్షణ తరగతి మొదలైంది. మూడేళ్ల గడువు అప్పుడే ఏర్పడింది. అద్దాల ముందు సాగిన పరిశోధనను 1932లో వచ్చిన ‘ది యూజ్ ఆఫ్ ది సెల్ఫ్’ పుస్తకంలో ఆయనే వివరించారు. టీచరు కాదలచినవారు మొదట చదవవలసింది అదే. ఆయన 1955లో మరణించాక, 1958లో టీచర్ల సంఘం ఏర్పడింది. దాన్ని పొట్టిగా స్టాట్ అంటారు. ఇతర దేశాల్లో దానికి అనుబంధ సంఘాలున్నాయి.

శిక్షణలో మాటిమాటికీ వినబడే మాటలు మూడు. మొదటిది ఇన్హిబిషన్: ఒక పని చేయాలన్న పిలుపు రాగానే అలవాటు ప్రకారం కదలకుండా ఒక్క క్షణం ఆగడం. రెండోది డైరెక్షన్: మెడ వదులుగా ఉండాలని, తల ముందుకీ పైకీ వెళ్లాలని, వీపు పొడుగ్గా, వెడల్పుగా ఉండాలని మనసులో కోరుకోవడం, కండరాలతో చేసి చూపడం కాదు. మూడోది ఎండ్ గెయినింగ్: ఎలా చేస్తున్నామన్నది పట్టించుకోకుండా ఫలితం మీదికి దూకే గుణం. ఇదే మానుకోవలసిన అసలు అలవాటు.

మామూలు పాఠం ఒక కుర్చీ దగ్గర జరుగుతుంది. విద్యార్థి కుర్చీ ముందు నిలబడతాడు. టీచరు ఒక చేతిని మెడ వెనుక, తల మొదట్లో తేలిగ్గా ఆనిస్తారు; రెండో చేయి గడ్డం కిందో, వీపు మీదో ఉంటుంది. “కూర్చో” అనగానే విద్యార్థి మెడ కండరాలు బిగుస్తాయి, తల కొంచెం వెనక్కి పడుతుంది, నడుము వంకర తిరుగుతుంది. కూర్చోవడం ఇంకా మొదలే కాలేదు. ఆ బిగింపు టీచరు వేళ్లకు అందుతుంది. అప్పుడు కూర్చోవద్దనీ, మెడను అలాగే వదిలి ఉంచమనీ చెబుతారు. బిగింపు సడలిన క్షణంలో టీచరు చేతులతోనే దారి చూపిస్తారు. మోకాళ్లు ముందుకు మడుచుకుంటాయి, వెన్ను నిడివి తగ్గకుండానే ఒళ్లు కుర్చీలోకి చేరుతుంది. మిగతా సమయంలో విద్యార్థిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద కొన్ని పుస్తకాలు పెట్టి, మోకాళ్లు పైకి మడిపించి చేతులు, కాళ్లు వదులు చేయిస్తారు.

స్టాట్ ఏర్పరచిన సంప్రదాయం ప్రకారం శిక్షణ మూడేళ్లలో 1,600 గంటలు. ఏడాదికి 36 వారాలు లెక్కేసుకుంటే వారానికి సుమారు 15 గంటలు. అందులో కనీసం 80 శాతం చేతులతో, ఒంటితో చేసే అభ్యాసమే. ఐదుగురు విద్యార్థులకు ఒక టీచరు ఉండాలన్నది మరో నియమం. అందువల్ల బడులు చిన్నవిగా ఉంటాయి. తరగతి గది చాలాసార్లు ఒక హాలు, కొన్ని కుర్చీలు, రెండు మూడు బల్లలే.

మొదటి ఏడాది విద్యార్థి ఎక్కువగా చేయించుకుంటాడు. సీనియర్ల చేతుల కింద తన అలవాట్లు ఒక్కొక్కటీ బయటపడతాయి. నేర్పడానికి వచ్చిన మనిషికి నెలల తరబడి నేర్పే పని ఇవ్వకపోవడం అసహనం కలిగిస్తుంది. ఆ అసహనమే ఎండ్ గెయినింగ్‌కు మొదటి నిదర్శనం. తర్వాత కుర్చీ వీపు మీద రెండు చేతులు ఆనించే అభ్యాసం వస్తుంది. వేళ్లు నిటారుగా, మణికట్టు వదులుగా, భుజాలు ముడుచుకోకుండా కుర్చీని పట్టుకోగలిగితేనే మనిషి మీద చేయి వేయడం సాధ్యమవుతుంది. రెండో ఏడాది తోటి విద్యార్థుల మీద, మూడో ఏడాది పర్యవేక్షణలో కొత్తవారి మీద అభ్యాసం సాగుతుంది.

ఇంత కాలం ఎందుకంటే, ఈ విద్యలో టీచరు ఒళ్లే పనిముట్టు. టీచరు మెడ బిగిస్తే ఆ బిగింపు భుజాల మీదుగా వేళ్లలోకి దిగి విద్యార్థికి చేరుతుంది. ఎదుటివారిని సరిచేయాలన్న ఆత్రం పుట్టగానే చేతులు తోయడం మొదలుపెడతాయి. తోసిన చేతికి ఎదుటి ఒళ్లు ఎదురు తిరుగుతుంది. కాబట్టి మూడేళ్లలో నేర్చుకునేది ఇతరులకు ఏం చేయాలన్నది తక్కువ, తాను ఏం చేయకుండా ఉండాలన్నది ఎక్కువ. శరీర శాస్త్రం చదివి, భంగిమల పేర్లు కంఠస్థం చేసి దీన్ని దాటవేయడం కుదరదు.

బడిని ఎంచుకోవడంలోనూ టీచరు చేతులే కొలబద్ద. పేరు, నగరం, భవనం చూసి నిర్ణయించుకోకూడదు. ముందు ఒకరిద్దరు టీచర్ల దగ్గర కొన్ని నెలలు పాఠాలు తీసుకోవాలి. తర్వాత రెండు మూడు బడులకు వెళ్లి తరగతిలో కూర్చుని, శిక్షణ ఇచ్చేవారి చేతుల కింద పాఠం తీసుకుని చూడాలి. బడులన్నీ ఒకే తీరున నేర్పవు. వాల్టర్ కారింగ్టన్, పాట్రిక్ మెక్‌డొనాల్డ్, మార్జరీ బార్‌స్టో వంటి అలెగ్జాండర్ తొలి శిష్యులు ఒక్కొక్కరూ ఒక్కో సంప్రదాయం నిలిపారు. బార్‌స్టో సామూహిక తరగతులతో అమెరికాలో పేరు పొందారు. లండన్‌లో 1960లో కారింగ్టన్ దంపతులు నెలకొల్పిన కేంద్రం కుర్చీ దగ్గరి నెమ్మదైన వ్యక్తిగత అభ్యాసానికి ప్రసిద్ధం.

వీసా సంగతి ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా ఇప్పించాలంటే ఆ బడికి ప్రభుత్వ స్పాన్సర్ లైసెన్సు ఉండాలి. అమెరికాలో బడికి అక్కడి ప్రభుత్వ గుర్తింపు ఉంటేనే విద్యార్థి వీసాకు కావలసిన ఐ-20 పత్రం వస్తుంది. చిన్న బడులన్నింటికీ ఈ అర్హత ఉండదు. తరగతులు వారానికి 15 గంటలే అయినా, మిగతా సమయంలో ఉద్యోగం చేసి ఖర్చు గడుపుకోవచ్చన్న ధీమా పనికిరాదు. వీసా షరతులు అందుకు అడ్డుపడవచ్చు. మూడేళ్ల ఫీజు, అద్దె, తిండి ఖర్చు ముందే చేతిలో ఉండడం క్షేమం.

ఈ విద్య ఏ మేరకు పనిచేస్తుందో కూడా టీచరుకు స్పష్టంగా తెలియాలి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన అధ్యయనంలో దీర్ఘకాలపు నడుంనొప్పి ఉన్న 579 మంది పాల్గొన్నారు. ఏడాది తర్వాత చూస్తే మామూలు వైద్యం మాత్రమే పొందినవారికి నాలుగు వారాల్లో సుమారు 21 రోజులు నొప్పి ఉంటే, 24 పాఠాలు తీసుకున్నవారికి సుమారు 3 రోజులే ఉంది. 2015లో 517 మంది మెడనొప్పి బాధితులపై వచ్చిన అధ్యయనమూ మేలు చూపింది. వీటికి మించిన హామీలు ఇవ్వకూడదు. జబ్బు నయం చేస్తామనడం టీచరు పని కాదు. జబ్బేమోనన్న అనుమానం ఉన్నవారిని డాక్టరు దగ్గరికే పంపాలి.

సర్టిఫికెట్‌తో స్వదేశం వచ్చినవారికి ఇక్కడి ఒళ్లు కొత్త పాఠాలు చెబుతాయి. పడమటి బడుల్లో కుర్చీయే కొలమానం; ఇక్కడ బాసింపట్టు వేసుకుని గంటల తరబడి పాడేవారు, కుడి పాదం మీద వయొలిన్ తల ఆనించి వాయించేవారు, అరమండిలో నిలిచే కూచిపూడి విద్యార్థులు వస్తారు. వీరికి కుర్చీ పాఠాన్ని ఉన్నదున్నట్టు అప్పగించనక్కర్లేదు. పాట ఎత్తుకోబోయే ముందు, విల్లు కదిలించబోయే ముందు మెడలో ఏం జరుగుతోందో చూడడంతోనే పని మొదలవుతుంది. దగ్గర్లో తోటి టీచర్లు లేనప్పుడు తన అలవాట్లను పట్టి చూపేవారు ఉండరు కాబట్టి, ఏడాదికోసారైనా తన బడికో, మరో సీనియర్ దగ్గరికో వెళ్లి పాఠాలు తీసుకోవాలి. రోజూ కాసేపు తల కింద పుస్తకాలు పెట్టుకుని పడుకుని తన మెడను తాను గమనించుకునే అభ్యాసం టీచరుగా ఉన్నంతకాలం మానకూడదు.