రద్దీ వస్తే పెరిగి, పోతే తగ్గే అప్లికేషన్: క్లౌడ్‌లో ఏ పద్ధతి ఎంచుకోవాలి?



మన ట్రస్టు సాయంతో బీసీఏ, ఎంసీఏ, ఇంజనీరింగు చదువుతున్న పిల్లల్లో చాలామంది చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఏదో ఒక వెబ్ అప్లికేషన్ తయారు చేస్తున్నారు. "క్లౌడ్‌లో పెట్టాము, ఆటోస్కేలింగ్ కూడా ఉంది" అని రిపోర్టులో రాస్తారు. ఏ పద్ధతిలో పెట్టారు, దాన్నే ఎందుకు ఎంచుకున్నారు అని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో అడిగేది ఆ రెండో ప్రశ్నే. నేను బి.కాం. చదివి బ్యాంకు కౌంటరులో పనిచేసినవాణ్ణి. అయినా ఈ విషయం నాకు పరాయిదిగా తోచలేదు. ఎందుకంటే ఇది రద్దీకీ ఖర్చుకీ మధ్య లెక్క.

మన స్కాలర్‌షిప్పు దరఖాస్తుల వంటి వెబ్‌సైటునే ఉదాహరణగా తీసుకుందాం. నెల గడువిస్తే మొదటి మూడు వారాలు రోజుకు పదిమంది కూడా రారు. చివరి రోజు సాయంత్రం బళ్ళారి, హోసూరు, షోలాపూరు, బరంపురం, యానాం అన్ని చోట్ల నుంచీ ఒక్కసారే వచ్చి పడతారు. నెట్ సెంటరులో కూర్చున్న పిల్లవాడికి ఆ రాత్రి పేజీ తెరుచుకోకపోతే పోయేది గంట అద్దె కాదు, ఏడాది ఫీజు. అలాగని ఒక్క సాయంత్రం కోసం నెలంతా పది సర్వర్లు నడిపితే ఇంకో పిల్లవాడి పుస్తకాల డబ్బు అందులో పోతుంది. కాబట్టి ముందు మీ అప్లికేషన్‌కు రద్దీ ఎప్పుడు వస్తుంది, ఎంత వేగంగా వస్తుంది, మిగతా రోజుల్లో ఎంత ఖాళీగా ఉంటుంది అనేది కాగితం మీద గీయండి. పద్ధతి ఆ తరువాతే.

మొదటి పద్ధతి వర్చువల్ మెషీన్లు. అమెజాన్ 2006లో వీటిని అద్దెకివ్వడం మొదలుపెట్టింది, 2009లో రద్దీని బట్టి వాటి సంఖ్య తనంతట తానే మారే ఏర్పాటు తెచ్చింది. సర్వర్ల మీద సగటు భారం ఫలానా శాతం దాటితే ఇంకొకటి తెరువు అని మనం చెప్పి పెడతాము. కొత్త మెషీన్ లేచి పనిలోకి దిగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. రోజంతా ఒకే తీరుగా వాడకం ఉండేవాటికి ఇది చవక, నమ్మకం. కానీ రైల్వే తత్కాల్ వంటి రద్దీ చూడండి. ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగతావాటికి 11 గంటలకు, ఒక్క నిమిషంలో జనం విరుచుకుపడతారు. గంట కొట్టాక కౌంటర్లు తెరవడం మొదలుపెడితే ఏం లాభం? అటువంటి చోట ఫలానా సమయానికి ఇన్ని మెషీన్లు సిద్ధంగా ఉండాలని ముందే షెడ్యూలు చేసి పెట్టాలి.

రెండవది క్యూబర్నెటీస్. గూగుల్ 2014లో బయటపెట్టింది. గ్రీకు భాషలో ఆ మాటకు చుక్కాని పట్టేవాడని అర్థం, మన యానాం వైపు సరంగు అంటారే, అతనే. ఎన్నో సర్వీసులు కలిసి నడిచే పెద్ద సంస్థలకు ఇది తగినది. అమెజాన్ వారి ఈకేఎస్‌లో అయితే పర్యవేక్షణ భాగానికే గంటకు 10 సెంట్లు, అంటే 30 రోజులకు 72 డాలర్లు. ఒక్కరూ రాకపోయినా కట్టవలసిందే, మెషీన్ల అద్దె వేరు. ఒక్క దరఖాస్తు ఫారానికి ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పేరు గొప్పగా ఉందని ప్రాజెక్టులో పెట్టుకోకండి. నేర్చుకోవాలంటే ఇంట్లో కంప్యూటరు మీదే నేర్చుకోవచ్చు.

మూడవది, కంటెయినరు మనం తయారుచేసి ఇస్తే నడిపే పని వాళ్లే చూసుకునే పద్ధతి. 2019లో వచ్చిన గూగుల్ క్లౌడ్ రన్ ఇటువంటిది. ఎవరూ రానప్పుడు ఇన్‌స్టెన్సులు సున్నాకు దిగిపోతాయి, వస్తే లేస్తాయి. ఖాళీగా ఉన్న తరువాత వచ్చిన మొదటివాడు కొద్ది సెకన్లు ఆగవలసి రావచ్చు. చివరి రోజున మాత్రం కనీసం ఒకటి రెండు మేలుకొనే ఉండాలని సెట్ చేయవచ్చు. నాలుగవది ఫంక్షన్లు. 2014లో అమెజాన్ లాంబ్డాతో ఇవి బాగా ప్రచారంలోకి వచ్చాయి. లాంబ్డాలో ఒక్కసారి పిలిస్తే 15 నిమిషాలకు మించి నడవదు. మార్కుల మెమో ఫొటో సైజు తగ్గించడం వంటి చిన్న పనులకు చక్కగా సరిపోతుంది. మన దరఖాస్తుల సైటుకు నేనైతే మూడవ పద్ధతినే ఎంచుకుంటాను.

అసలు చిక్కు దీని తరువాత వస్తుంది. పూర్వం బ్యాంకులో డబ్బు తీసుకోవాలంటే ఇత్తడి టోకెను ఇచ్చేవారు. క్లర్కు లెడ్జరులో రాస్తే, ఆఫీసరు చూసి సంతకం పెడితే, క్యాషియరు డబ్బిచ్చేవాడు. పింఛన్ల రోజున నాలుగు కౌంటర్లు ఎక్కువ తెరిచినా సంతకం పెట్టే ఆఫీసరు ఒక్కడే అయితే జనం కదలరు. పైగా ఆయన బల్ల మీద కాగితాలు పేరుకుపోయి ఇంకా ఆలస్యం అవుతుంది. మీ అప్లికేషన్‌లో ఆ ఆఫీసరు డేటాబేసు. ఇన్‌స్టెన్సులు పెరిగినంత సులువుగా అది పెరగదు.

లెక్క చూడండి. సెకనుకు 300 రిక్వెస్టులు వస్తాయనీ, ఒక్కోదానికి 0.2 సెకను పడుతుందనీ అనుకుందాం. 300ని 0.2తో గుణిస్తే 60, అంటే ఏ క్షణంలో చూసినా సుమారు 60 రిక్వెస్టులు లోపల ఉంటాయి. ఒక్కో ఇన్‌స్టెన్సు ఒకేసారి 10 చూడగలిగితే 6 చాలు. ఒక్కోటి డేటాబేసుకు 10 కనెక్షన్లు తెరిస్తే మొత్తం 60. పోస్ట్‌గ్రెస్‌లో మనం మార్చకపోతే గరిష్ఠంగా 100 కనెక్షన్లు, అందులో 3 నిర్వాహకుడి కోసం విడిగా ఉంచినవి. ఇప్పుడు డేటాబేసు కాస్త నెమ్మదించి 0.4 సెకను పట్టిందనుకోండి. లోపల 120, ఇన్‌స్టెన్సులు 12, కనెక్షన్లు 120 కావాలి. వందకు దగ్గరపడగానే డేటాబేసు కొత్తవాటిని వెనక్కి పంపేస్తుంది. అంటే ఆటోస్కేలింగే కొంప ముంచుతుంది! కాబట్టి గరిష్ఠం 9 ఇన్‌స్టెన్సులు అని కట్టడి చేయండి. మిగిలినవారు కొద్దిసేపు ఆగుతారు, మరీ ఎక్కువైతే "కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి" అనే జవాబు చూపాలి. నింపిన వివరాలు పోకుండా ఎప్పటికప్పుడు దాచి ఉంచితే పిల్లవాడు కంగారు పడడు. రసీదు పీడీఎఫ్ తయారీ, ఎస్సెమ్మెస్ పంపడం వంటి వెంటనే అక్కర్లేని పనులను టోకెను వరుసలో పెట్టి తరువాత చేయించవచ్చు.

ఇంకొక నియమం. ఖాతాదారుడి పాస్‌బుక్కును క్లర్కు తన సొరుగులో పెట్టి తాళం వేసుకుని భోజనానికి వెళితే పక్క కౌంటరువాడు ఏమీ చేయలేడు. అలాగే పిల్లలు అప్‌లోడ్ చేసిన సర్టిఫికెట్లను, లాగిన్ వివరాలను ఇన్‌స్టెన్సు లోపల దాచకండి. రద్దీ తగ్గగానే అది మాయమవుతుంది, దానితోపాటు సర్టిఫికెట్లూ పోతాయి. ఫైళ్లను ఆబ్జెక్ట్ స్టోరేజీలో, మిగతావి డేటాబేసులో పెట్టాలి.

ఇక తల్లిదండ్రులకు. ఈ ఖాతాలకు సాధారణంగా మీ కార్డు నంబరే ఇస్తారు. బడ్జెట్ అలర్టు పెట్టామని పిల్లలు ధైర్యం చెబుతారు. అది ఖర్చు ఇంతయిందని కబురు చెప్పేదే కాని, విడిగా ఏర్పాటు చేస్తే తప్ప ఖర్చును ఆపదు. ఇన్‌స్టెన్సుల గరిష్ఠ సంఖ్య ఎంత పెట్టారని తప్పక అడగండి. ఖాతా తాళంచెవులను ప్రోగ్రాముతో పాటు గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా పెట్టవద్దని కూడా చెప్పండి. అపరిచితులు వాటిని ఏరుకుని, మీ ఖాతాలో వాళ్ల మెషీన్లు నడుపుతారు.

పరీక్షించడానికి జేమీటర్, కే6 అనే ఉచిత సాధనాలున్నాయి. మీ సొంత సైటు మీద మాత్రమే, కొద్ది నిమిషాలు నడిపి, రద్దీ పెరిగేకొద్దీ జవాబు ఎన్ని సెకన్లలో వచ్చిందో పట్టిక వేసి రిపోర్టులో పెట్టండి. సైటు సున్నాకు దిగినా మామూలుగా అద్దెకు తీసుకునే డేటాబేసు దిగదు, గంట గంటకూ బిల్లు పడుతూనే ఉంటుంది. వైవా అయిన రోజే దాని నకలు తీసుకుని తొలగించండి. డిస్కులు, స్థిరమైన ఐపీ అడ్రసులు మిగిలిపోయాయేమో బిల్లింగ్ పేజీలో వెతకండి. మరుసటి నెల బిల్లు సున్నా అని చూసుకున్నాకే ఖాతా మూసివేయండి.