ఉత్ప్రేరకములపై వేడిమి ప్రభావము

విద్యార్థులారా! కుమ్మరి ఆవములో వేడిమి చాలకున్నచో కుండ నీటిలో నానిపోవును. మితిమీరినచో వంకరపోయి ప్రక్కకుండ కంటుకొనును. గాలిని శుభ్రపరచు నొక పదార్థమునకును ఈ నియమమే వర్తించునని యీ పాఠములో తెలిసికొందము.

బొగ్గు మండు విద్యుత్కేంద్రముల మహోష్ణమున నత్రజని ఆమ్లజనితో కలిసి నత్రజని ఆక్సైడు లగును. ఇవి ఊపిరితిత్తులకు చెఱుపు చేయును. ఆమ్లవర్షమునకు కారణ మగును. వీనిని తొలగించుటకై పొగలో అమోనియా వాయువును కలుపుదురు. నైట్రిక్ ఆక్సైడు నాలుగణువులు, అమోనియా నాలుగణువులు, ఆమ్లజని యొక యణువు కలిసి నాలుగు నత్రజని యణువులును ఆఱు నీటి యణువులును అగును. ఉత్ప్రేరకము లేనిచో దీనికి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలయును. ఉన్నచో 300 మొదలు 400 డిగ్రీలు చాలును. 1970-80 నడుమ జపాను దేశపు విద్యుత్కేంద్రములలో ఈ పద్ధతి నెలకొన్నది.

ఆ ఉత్ప్రేరకమును చేయు విధ మెట్టిది? 'అనటేజు' అను స్ఫటికరూపము గల టైటానియం డయాక్సైడు పొడిని అమోనియం మెటావనేడేటు ద్రావణముతో తడిపి, ఆరబెట్టి, గాలిలో సుమారు 500 డిగ్రీలవద్ద కాల్చుదురు. అమోనియాయు నీరును వెడలిపోగా, వనేడియం ఆక్సైడు పొడి రేణువులపై పలుచగా పరచుకొనును.

వేడిమి చాలనిచో లవణము పూర్తిగా విడిపోదు. మితిమీరినచో మూడు కీడులు గలుగును. మొదటిది: సూక్ష్మరేణువులు ఒకదానితో నొకటి అతుకుకొని పెద్దవగును. మంచి పొడి యొక్క గ్రాములో 50 చదరపు మీటర్లకు మించిన ఉపరితల ముండును. రసాయనచర్య జరుగు తావు అదియే. అది తగ్గిన కొలది పనియు తగ్గును. రెండవది: అనటేజు 'రూటైలు'గా మాఱును. వనేడియమే యీ మార్పును త్వరపెట్టును. మరల చల్లార్చినను రూటైలు అనటేజు కాదు. మూడవది: 690 డిగ్రీల ప్రాంతమున వనేడియం పెంటాక్సైడు కరగును. అందుచేతనే టంగ్‌స్టన్ ఆక్సైడును కూడ చేర్తురు. అది యీ మార్పులను కొంతవఱకు అడ్డగించును.

చెడిన ఉత్ప్రేరకపు బరువు తగ్గదు. తూచి దాని దోషమును కనిపెట్టలేము. కాని నత్రజని ఆక్సైడులును, మిగిలిపోయిన అమోనియాయు పొగగొట్టము నుండి మన గాలిలోనికి వచ్చును.

తలిదండ్రులు ఇంట నొక పరీక్ష చేయింపవచ్చును. సమానమైన బరువు గల బెల్లపు గడ్డను, బెల్లపు పొడిని వేఱువేఱు గ్లాసుల నీటిలో వేయుడు. పొడి ముందుగా కరగును. ఎందుచేత? ఉపరితల మెంత ముఖ్యమో పిల్లలు తమ మాటలలో వ్రాయవలయును.