సకినాలు పట్నం పోయినయి

అమ్రాబాద్‌లో ఒక చిన్న కిరాణా దుకాణం ఉందనుకుందాం. దాన్ని ఒక అక్క నడుపుతుంది. ఉప్పు, పప్పు, సబ్బులు అమ్ముతుంది. ఇంట్లో చేసిన సకినాలు కూడా అమ్ముతుంది. ఆమె చేతి సకినాలంటే ఊరందరికీ ఇష్టం.

ఒకరోజు కొడుకు అన్నాడు: "అమ్మా, ఊళ్లో గిరాకీ ఎంతుంటది? ఫోనుల ఫోటో పెడదాం. హైదరాబాదోళ్లు కూడా కొంటరు."

ఇలా ఫోనులో సరుకు చూపి అమ్మడాన్ని ఆన్‌లైన్ అమ్మకం అంటారు.

మన సరుకు దూరం పోవడం కొత్త కాదు. నల్లమల అడవిలో చెంచులు తేనె తీస్తారు. గిరిజన సహకార సంస్థ ఆ తేనెను కొంటుంది. సీసాల్లో నింపి, పేరు వేసి పట్నాల్లో అమ్ముతుంది. 2021లో మన రాష్ట్రంలో సెర్ప్ సంస్థ ఫ్లిప్‌కార్ట్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. మహిళా సంఘాల సరుకులను ఆన్‌లైన్‌లో అమ్మించడం కోసమే ఆ ఒప్పందం.

అక్కకు ఆశ పుట్టింది. దుకాణంలో కిలో 300 రూపాయలు. ఫోనులో 350 పెట్టింది.

"బియ్యం, నువ్వులు, నూనె, గ్యాసు కలిపి 180 అయితది. 170 మిగులుతది" అని సంబరపడింది.

సంఘం లీడరు వచ్చి అడిగింది: "లెక్క కాయితం మీద రాసినవా వదినా?"

"లేదు. నోటికే చేసిన."

"నీ కూలి ఏది? డబ్బా ఖర్చు ఏది? పార్సిల్ ఖర్చు ఏది?"

ఇద్దరూ కూర్చుని లెక్క రాశారు.

సరుకు ఖర్చు: 180
చేసిన కూలి: 60
డబ్బా, కాగితం: 25
పార్సిల్: 60
కంపెనీ కమీషన్, నూటికి 10 చొప్పున: 35
మొత్తం: 360 రూపాయలు

అమ్మే ధర 350. అంటే కిలోకు 10 రూపాయల నష్టం! కష్టపడి చేసి, పైసలు ఎదురిచ్చినట్టే కదా!

అక్క ధర 420కి మార్చింది. అప్పుడు కమీషన్ 42 అయింది. ఖర్చు మొత్తం 367. కిలోకు 53 రూపాయలు మిగిలాయి. పది కిలోలకు 530 మిగలాలి.

కాని సకినాలు పెళుసు. పదిలో ఒక కిలో దారిలో విరిగి, వాపసు వచ్చిందనుకోండి. తొమ్మిది కిలోల మీద 477 మిగులుతుంది. వాపసు వచ్చిన కిలోకు సరుకు, కూలి, డబ్బా, పార్సిల్ కలిపి 325 పోతుంది. చివరికి మిగిలేది 152 రూపాయలే.

అందుకే అక్క ముందుగా రెండు కిలోలు హైదరాబాద్‌లోని చుట్టాలకు పంపింది. సగం విరిగాయి. రెండోసారి గట్టి డబ్బాలో పెట్టింది. వరుసకు వరుసకు మధ్య కాగితం వేసింది. ఖాళీ లేకుండా సర్దింది. ఈసారి బాగా చేరాయి. ఆ తరువాతే అమ్మకం మొదలుపెట్టింది.

డబ్బా మీద చీటీ అంటించింది. సరుకు పేరు, బరువు, ధర, చేసిన తేదీ, ఎన్ని రోజుల్లో తినాలో రాసింది. తినే సరుకు అమ్మేవారు ఆహార భద్రతా సంస్థలో నమోదు కావాలి. వాళ్లు 14 అంకెల నంబరు ఇస్తారు. అది కూడా చీటీ మీద ఉండాలి. ఫోటోలో చూపిన సరుకే పంపాలి. కొనేవారు మన ముఖం చూడరు. మన మాటను నమ్మి కొంటారు.

పార్సిల్ పంపడానికి తపాలా ఉంది. ఆర్టీసీ కూడా 2020లో బస్సుల్లో సరుకు పంపే కార్గో సేవ మొదలుపెట్టింది. ఏది ఎంత అడుగుతుందో కనుక్కుని పంపాలి.

ఒకరోజు ఎవరో ఫోను చేశాడు. "పది కిలోలు కావాలె. పైసలు పంపుతున్న. నేను పంపిన బొమ్మను స్కాన్ చేసి పిన్ కొట్టు" అన్నాడు.

అక్క తొందరపడలేదు. ఫోను మీద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "చెల్లించండి" అని ఉంది.

"పైసలు నాకు రావాలె. నేనెందుకు చెల్లించాలె?" అని ఫోను పెట్టేసింది.

పైసలు రావడానికి పిన్ కొట్టనక్కర లేదు. పంపడానికే పిన్ కావాలి. పొరపాటున పైసలు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఆ రోజు అక్కను కాపాడింది చదువే. నష్టం రాకుండా చూసింది రాసిన లెక్కే. దుకాణం ఊళ్లో ఉన్నా, ఫోనులో ఉన్నా, లెక్క మాత్రం మన చేతిలో ఉండాలి.

ఆలోచించండి
1. అక్క మొదట ఏయే ఖర్చులు మరచిపోయింది?
2. పిన్ ఎప్పుడు కొట్టాలి? ఎప్పుడు కొట్టకూడదు?

లెక్క చేయండి
మీరు చేసే ఒక సరుకు పేరు రాయండి. దాని ఖర్చులన్నీ రాసి కూడండి. మీ కూలి మరవకండి. ఎంతకు అమ్మితే గిట్టుబాటు అవుతుంది?