చంటికి అత్త ఉత్తరం



నీ ఉత్తరం అందింది. "యేసు చనిపోయాడు, లేచాడు, అంతే చాలదా అత్తా? మధ్యలో సమాధి సంగతెందుకు?" అన్నావు. దానికంటే ముందే నీ గురించి ఒక కబురొచ్చింది. మీ చిన్నతాత భూస్థాపనకు వచ్చి, పెట్టె గుంటలోకి దించకముందే బస్సు టైమైందని వెళ్ళిపోయావట. రెండూ ఒకటే జబ్బురా.

ముందు నీ హాస్టల్ స్నేహితుడి మాట. సిలువ వేసినవాళ్ళ శవాలను రోమా వాళ్ళు గద్దలకు వదిలేసేవారే గానీ ఇచ్చేవారు కాదంటాడా? చాలాచోట్ల అంతే. కానీ 1968లో యెరూషలేముకు ఉత్తరాన ఒక పాత సమాధిలో ఎముకల రాతిపెట్టె దొరికింది. అందులో మడమ ఎముకకు దిగిన ఇనుప మేకు అలాగే ఉంది. అంటే సిలువ మీద పోయినవాణ్ణి అయినవాళ్ళు తెచ్చుకుని సమాధి చేసుకున్నారన్నమాట. వేలాడదీసినవాణ్ణి ఆ రోజే పాతిపెట్టాలని ద్వితీయోపదేశకాండం 21లో ఉండనే ఉంది. చదివి వినిపించు అతనికి.

ఇక అరిమతయియ యోసేపు. ఈయన గురించి మొదలుపెడితే నేను ఆగనని మీ నాన్న నవ్వుతాడు, నవ్వనీ. పెద్దల సభలో సభ్యుడు, భయంతో అన్నాళ్ళూ చాటుమాటు శిష్యుడు. బాహాటంగా వెంట తిరిగినవాళ్ళు పారిపోయిన పూట ఈయన తెగించి రోమా అధిపతి పిలాతును శవం అడిగాడు. పిలాతు అప్పుడే ప్రాణం పోయిందా అని ఆశ్చర్యపడి, శతాధిపతిని పిలిచి అడిగాకే ఇప్పించాడు. చావుకు సాక్ష్యం పలికింది చంపినవాళ్ళే, చూశావా! శవాన్ని ముట్టుకుంటే ఏడు రోజులు మైల, అదీ పస్కా పండగ పూట. తోడొచ్చిన నీకొదేము తెచ్చిన బోళం, అగరు మన లెక్కలో ముప్పై కిలోల పైమాటే. ఎక్కడ పెట్టారో ఆడవాళ్ళు దగ్గరుండి చూసుకున్నారు. ఆదివారం ఖాళీగా ఉన్నది వాళ్ళు ఆనవాలు పట్టిన ఆ చోటే. అందుకే పౌలు కొరింథు సంఘానికి రాస్తూ చావుకీ లేవడానికీ మధ్య సమాధిని దాటేయలేదు.

తింటున్నావా సరిగ్గా? మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటుందన్నావు, కందిపొడి పంపుతున్నాను.

మా నాన్న, అదే మీ తాతయ్య, వానాకాలంలో ఒకసారి భూస్థాపనకు నన్ను సమాధుల తోటకు తీసుకెళ్ళాడు. నల్లరేగడి కదా, ఒక పక్క తవ్వుతుంటే మరో పక్క జారిపోయేది. బకెట్లతో నీళ్ళు తోడారు. పాట ఎత్తుకోవాల్సిన నేను బురదలో దిగబడ్డ చెప్పు కోసం వెతుక్కుంటున్నాను. నాన్న మాత్రం చివరి పార మట్టి పడేదాకా కదల్లేదు. ఆ గుంటలోని చీకటి ప్రభువుకు తెలిసిన చీకటే అని ఆయనకు గట్టి నమ్మకం. నీ బాప్తిస్మం నాడు పాస్టరుగారు నిన్ను నీళ్ళలో ముంచింది ప్రభువుతో పాటు పాతిపెట్టడానికే కదరా!

మనవాళ్ళు మంచి శుక్రవారం ఏడు మాటలకు మూడు గంటలు కూర్చుంటారు. ఆదివారం తెల్లారకముందే కొవ్వొత్తులతో తోటకు పోతారు. శనివారం ఎవరికీ పట్టదు. ఈసారి నువ్వు ఆ రోజు ఇక్కడే ఉండు. తాతయ్య సమాధికి సున్నం వెయ్యాలి, నా నడుము వంగడం లేదు. మరకలు పోవు, పాత చొక్కా తెచ్చుకో.

మీ అత్త